అప్ప గొంతు

వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్న డాక్టర్ హైమవతితో "ఇంగువ మరిచిపోయావే" అంది అప్ప.

మరిచిపోలేదు, అయిపోయింది. ఆ మాట హైమవతి పైకి అనలేదు. మనసులో అనుకుంటే చాలు, అప్పకి చేరిపోతుంది.

"అయిపోయిందని సంతలో ఉన్నప్పుడు గుర్తు రావాలి. ఊరందరి మతిమరుపుకీ మందులిస్తావు, నీ మతిమరుపుకి నేనే దిక్కు."

హైమవతి నవ్వుకుంటూ పొయ్యి కట్టేసింది. విజయనగరంలో ఓ సందు చివర ఉన్న ఆ చిన్న ఇంట్లోకి ఎవరైనా తొంగి చూస్తే, జుట్టు నెరిసిన డాక్టరమ్మ పప్పు గిన్నె ముందు నిలబడి తనలో తాను నవ్వుకోవడం కనిపిస్తుంది. అందుకే వంటింటి కిటికీకి ఎప్పుడూ తెర వేసి ఉంచుతుంది. పిచ్చి డాక్టరుకే పిచ్చి పట్టిందని పుకారు పుట్టించడానికి మన ఊళ్ళలో ఒక్క పూట చాలు.

అప్పకి ఒళ్ళు లేదు, గొంతే. హైమవతికి పదకొండో ఏట పార్వతీపురం బాలికల హాస్టల్లో టైఫాయిడ్ వచ్చింది. తల్లి లేదు. తండ్రి రైల్వే గ్యాంగుతో ఎక్కడో పట్టాల వెంట తిరుగుతున్నాడు. మిగతా పిల్లలకి అంటుకుంటుందని ఆమెను సామాన్ల గదిలో వేరుగా పడుకోబెట్టారు. అన్నం గిన్నె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేవారు. జ్వరం దిగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం చెవి పక్కనే ఎవరో పెద్ద పిల్ల "ఏడుస్తున్నావా? ఏడిస్తే ముక్కు కారడం తప్ప ఎవరూ రారే. నేనొచ్చాను గదా, ఊరుకో" అంది. గదిలో ఎవరూ లేరు. అటువైపు అక్కని అప్ప అంటారు గనక హైమవతి ఆ గొంతుని అప్ప అని పిలుచుకుంది. ఆ రోజు వచ్చిన అప్ప మళ్ళీ పోలేదు. హైమవతి పెద్దదైంది, జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు పట్టేశాయి. అప్ప గొంతు మాత్రం పదహారేళ్ళ దగ్గరే ఆగిపోయింది. అయినా పెత్తనం తగ్గలేదు.

తనకేమైందో తెలుసుకుందామనే హైమవతి మనోవైద్యం చదివింది. లేని గొంతులు వినిపించే జబ్బు గురించి ప్రొఫెసరుగారు పాఠం చెబుతుంటే "ఈయన నా గురించే చెబుతున్నాడే, ఒక్క ముక్కా సరిగ్గా చెప్పడం లేదు" అని అప్ప విసుక్కునేది. నవ్వు ఆపుకోవడానికి హైమవతి పెన్ను మూత కొరికేది. చదవగా చదవగా తేలిందేమిటంటే అప్ప తన మెదడు పుట్టించే మాటే. తనకు తెలియని సంగతి ఒక్కటి కూడా అప్ప ఏనాడూ చెప్పలేదు. ఆ సంగతి హైమవతికి ఇంకొకరు చెప్పాలా? అమ్మ పుట్టిల్లు మేనమామకి తెలియదా? తెలిసినంత మాత్రాన ఎవరైనా తోడు వద్దనుకుంటారా! పెళ్ళి సంబంధాలు వచ్చిన రోజుల్లో రెండో మనిషి ఉన్న ఇంట్లోకి మూడో మనిషిని ఎలా తీసుకురావడమని ఆలోచించి, ఆలోచించి, అన్నీ తిప్పికొట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే రోగులు రారు, తోటివాళ్ళు జాలిపడతారు. ఆ రెండింట్లో ఆమెకు జాలే ఎక్కువ భయం.

అలాంటి హైమవతే గొంతులు నొక్కే పనిలో చేరడం విచిత్రమని మీరనుకోవచ్చు. అప్ప కూడా అదే అంది. కానీ గొంతులన్నీ అప్పలాంటివి కావు. ఆస్పత్రికి వచ్చేవాళ్ళ గొంతులు బూతులు తిడతాయి, నువ్వెందుకూ పనికిరావంటాయి, దూకి చావమంటాయి. ఆ మాటలు విని దూకినవాళ్ళని హైమవతి చాలామందిని చూసింది.

ఇది ఇవాళ్టికి మరో పది పన్నెండేళ్ళ తర్వాతి సంగతి అనుకోండి. అప్పటికి ఐదు ఊళ్ళ మానసిక వైద్యులు ఒక కట్టుగా కలిశారు. కర్నూలు నుంచి ఖాదర్ వలీ, వరంగల్ నుంచి నరహరి, విజయనగరం నుంచి హైమవతి, ఇంకో ఇద్దరు. గురువారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కంప్యూటర్ తెర మీద కలుసుకునేవాళ్ళు. వాళ్ళకో కట్టుబాటు ఉండేది. ఎవరైనా సరే, ముందు ఆ వారం తన చేతిలో చెడిపోయిన పని చెప్పాలి. దాన్ని 'చేదు' అనేవాళ్ళు. చేదు మింగందే మంచి మాట ఎత్తకూడదు. డాక్టర్లు ఎక్కడ కలిసినా తమ గొప్పలే చెప్పుకుంటారనీ, రోగికి పనికొచ్చేది అవతలివాడి తప్పేననీ ఖాదర్ వలీ పెట్టిన నియమం అది.

రెండో కట్టుబాటు గాదె. ఎవరి దగ్గర ఏ రోగి తలకి తీగలు తగిలించి తీసిన మెదడు గీతలైనా, పేరు తీసేసి, అందరిదీ అయిన ఒకే చోట పోసేవాళ్ళు. ఊరుమ్మడి ధాన్యం లాగన్నమాట. నరహరి ఆ గాదెలోంచే మౌనపట్టీ తయారు చేశాడు. నుదుటికి కట్టుకునే పట్టీ. గొంతు పుట్టబోయే క్షణాన్ని ముందే పసిగట్టి, పుట్టకుండా నొక్కేస్తుంది. రోజూ పొద్దున్న కాసేపు, ఏడాది పాటు కట్టుకుంటే, నడిచేవాళ్ళు లేని కాలిబాటలాగా ఆ గొంతు వచ్చే దారి పూడుకుపోతుంది. ఇంక పట్టీ అక్కర్లేదు, గొంతూ రాదు. మధ్యలో మానేస్తే మాత్రం గొంతు తిరిగొస్తుంది.

ఐదూళ్ళలోనూ పట్టీ పనిచేసింది. గురువారాల్లో చేదు తగ్గి తీపి ఎక్కువైంది. నరహరి మొహం వెలిగిపోతుండేది. సరిగ్గా అప్పుడే సన్యాసమ్మ వచ్చింది.

సన్యాసమ్మ జూట్ మిల్లులో పనిచేసేది. ఒక మగ గొంతు ఆమెని ఏళ్ళ తరబడి తిట్టి తిట్టి రెండుసార్లు నూతిలోకి దూకించింది. రెండుసార్లూ మొగుడు గౌరయ్యే దిగి తీశాడు. పట్టీ కట్టాక ఆ గొంతు ఆగిపోయింది. హైమవతి గాదెలో పోసిన గొప్ప విజయాల్లో ఆమెది ఒకటి. ఇప్పుడు గౌరయ్య ఆమెని దాదాపు మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"తిండి మానీసినాది డాక్టరమ్మా. రెండు ముద్దలు మింగితే గొప్ప. పొద్దస్తమానం గోడకేసి సూత్తా కూకుంటాది," అన్నాడు.

"ఆ తిట్టేవాడు మళ్ళీ వచ్చాడా?" అని అడిగింది హైమవతి.

సన్యాసమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆడు పోనాడు. అదీ పోనాది."

"అదెవరు?"

"నా పిల్ల."

"మాకు పిల్లల్నేరమ్మా, కడుపు పండనేదు," అని గౌరయ్య నెమ్మదిగా అందుకున్నాడు. సన్యాసమ్మ అతని వైపు చూడలేదు.

"ఆడొక్కడే ఉన్నాడని మీరందరూ అనుకున్నారు. ఆడితోపాటు నా పిల్లా ఉండీది. ఆడు తిట్టినప్పుడల్లా అది అమ్మా అని పిలిసీది. పట్టీ కట్టేక ఇద్దరూ పోనారు. గొంతు ఆగిపోనాదా అనే మీరడిగినారు. ఆగిపోనాదన్నాను. ఆగితే ఎలాగుందే అని ఎవులూ అడగనేదు." ఆమె హైమవతి చెయ్యి పట్టుకుంది. "పిల్లనిచ్చీండమ్మా. ఆడినీ ఇచ్చీండి, పరవానేదు. ఆడి తిట్లు నాను పడతాను."

గౌరయ్య ఏడ్చేశాడు. "ఆడొద్దమ్మా. ఆడొత్తే ఈసారి నూతిలోంచి తీసే సత్తువ నాకు నేదు."

వాళ్ళు వెళ్ళాక అప్ప మెల్లిగా "ఎవరూ అడగలేదట. నువ్వు కూడా" అంది.

హైమవతికి తెలుసు. ప్రపంచంలో ఉన్న డాక్టర్లందరిలో అడగవలసింది తనే. అడిగితే అవతలివాళ్ళు మళ్ళీ తనని ఏమడుగుతారోనన్న భయం కొద్దీ అడగలేదు.

ఆ గురువారం హైమవతి చేదు సన్యాసమ్మే. విన్నాక ఖాదర్ వలీ తల పట్టుకున్నాడు. "ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టినాం అక్కా," అన్నాడు. మిగిలిన ఊళ్ళలోనూ అడిగి చూశారు. ఆ వారంలోనే ఇంకో నలుగురైదుగురు బయటపడ్డారు. తిట్టే గొంతుతో పాటు ఒక తాతనీ, ఒక స్నేహితుణ్ణీ పోగొట్టుకుని ఎవరితోనూ చెప్పలేక కూర్చున్నవాళ్ళు.

"పట్టీకి మంచి గొంతు, చెడ్డ గొంతు తేడా నేర్పొచ్చు మేడం," అన్నాడు నరహరి. "కానీ మన గాదెల మంచి గొంతు ఒక్కటి కూడ విడిగ లేదు. అన్నీ కలగలిసినయే. ఉత్త మంచి గొంతే వినేటోళ్ళు మన దగ్గరికెందుకొస్తరు? వాళ్ళకు జబ్బే లేదాయె."

"అలాంటి ఒక్కరు దొరికితే?" అంది హైమవతి.

"ఒక్కరు చాలు. కానీ గీత పూర్తిగ రావాల్నంటే ఆ గొంతును నొక్కాలె, వదలాలె, మళ్ళ నొక్కాలె, వదలాలె. మామూలు పట్టీ ఏడాదిల చేసే పని వారంల అయిపోతది. ఆఖరికి ఆ మనిషికి ఆ గొంతు మిగలదు. ఇది ముందే చెప్పకుండ ఎవ్వరినీ కూసోపెట్టొద్దు."

హైమవతి తెర కట్టేసి లేచింది.

అలాంటి మనుషుల కోసం ప్రకటన ఇచ్చారు. వచ్చినవాళ్ళని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇద్దరు స్వాములు వచ్చి దేవుడే తమతో మాట్లాడతాడన్నారు, యంత్రం ముందు కూర్చోమంటే దేవుడు ఒప్పుకోవడం లేదన్నారు. ఒకాయన తన చెవిలో గొంతు లాటరీ నంబర్లు చెబుతుందన్నాడు. ఇంతమందిలోనూ నిజమైన మనిషి ఒక్కతే, చీపురుపల్లి నుంచి వచ్చిన ఒక ముసలామె. పోయిన మొగుడు రోజూ పొద్దున్నే పలకరిస్తాడట. హైమవతి ఎదురుగా కూర్చుని జరగబోయేది దాచకుండా చెప్పింది. ముసలామె అంతా విని, సంచీ సర్దుకుని లేచి, "పదిమందికి మేలంటే ఒచ్చేను గానీ, ఆయన్ని ఒదులుకోడానికి రానేదు తల్లీ," అని వెళ్ళిపోయింది. వెళ్తున్న ఆమె వైపు హైమవతి అసూయతో చూసింది.

సన్యాసమ్మకి పట్టీ కట్టి ఏడాది నిండడానికి ఇంకా రెండు నెలలే ఉన్నాయి. మానేస్తే ఆ తిట్టేవాడు వస్తాడు. మానకపోతే పిల్ల దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. ఈలోగా ఆమె తిండి లేక చిక్కి శల్యమైపోతోంది. ఆస్పత్రిలో చేర్చి సెలైన్ ఎక్కిస్తున్నారు. ఒక మధ్యాహ్నం హైమవతి ఆమె మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"నీ పిల్ల ఏం మాట్లాడేది సన్యాసమ్మా?"

అన్నాళ్ళ తర్వాత ఆమె మొహంలో కదలిక వచ్చింది. "మా మిల్లులో మిషన్లు తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట ఇనబడదమ్మా. అందరం సేతులతోటే సైగలు సేసుకుంటాం. అంత సప్పుడులో కూడా దాని మాట నాకు ఇనబడీది. జడెయ్యమనీది. ఆకలేత్తందనీది. ఇంటికెప్పుడెల్తామనీది. పెద్ద మాటలేటీ నేవు." కాసేపు ఊపిరి తీసుకుంది. "అందరి పిల్లలూ గేటు కాడికొచ్చి నిలబడీవోరు. నా పిల్ల లోపలికే వచ్చీది."

హైమవతి ఆమె తల నిమిరి లేచింది. వరండాలోకి వచ్చాక గానీ తన కళ్ళు తడిశాయని తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో అప్పే ముందు నోరు విప్పింది.

"నువ్వేం ఆలోచిస్తున్నావో నాకు తెలుసే. నన్ను చంపుకుంటావా?"

"అలా అనకు."

"మరెలా అనాలి? పదకొండేళ్ళప్పట్నుంచీ నీ కూడా ఉన్నాను. సామాన్ల గదిలో నీకు దిక్కెవరు? మీ నాన్న పోయినప్పుడు శ్మశానం బయట నీతో నిలబడిందెవరు? ఆ మిల్లు మనిషి నీకేమవుతుందని?"

"ఏమీ కాదు. నీలాంటిదే ఆమెకీ ఒకటుండేది. దాన్ని తీసేసింది నేను."

అప్ప కోపం వచ్చి మాట్లాడ్డం మానేసింది. ఇదివరకూ అలిగేది, ఒక పూటకి మించి ఉండేది కాదు. ఈసారి మూడు రోజులు పలకలేదు. ఆ మూడు రోజులూ హైమవతి ఇంట్లో కుర్చీలు జరుపుతూ, గిన్నెలు గట్టిగా పెడుతూ తిరిగింది. రేడియో పెట్టింది, తీసేసింది. ఇలా ఉంటుందన్నమాట అనుకుంది. భయమేసింది. ఈ వయసులో భయమేయడం తనకే సిగ్గనిపించింది.

నాలుగో రోజు ఆమె బట్టలు మడతపెడుతుంటే అప్ప పలికింది. "ఆ పిల్ల జడెయ్యమనేదటగా. లేని జడ ఎలా వేసేదో!"

హైమవతి అలాగే మంచం మీద కూలబడి గట్టిగా ఏడ్చింది.

"ఏడిస్తే ముక్కు కారుతుంది," అంది అప్ప. గొంతులో కోపం లేదు. "నాకు ఇష్టం లేదే, హైమా. ఇష్టమని నేను అబద్ధం చెప్పను. కానీ ఆవిడ మంచం పక్కన కూర్చుని వచ్చాక నీకు అన్నం సయించడం లేదు. అన్నం సయించని దానితో నేను మాత్రం ఏం కాపరం చెయ్యను?"

ఆ గురువారం చేదు చెప్పే వంతు వచ్చినప్పుడు హైమవతి గొంతు సవరించుకుంది.

"నా చేదు ఈ వారానిది కాదు. పదకొండో ఏట నుంచీ నాకొక గొంతు వినిపిస్తోంది. ఆడపిల్ల గొంతు. నన్నెప్పుడూ చెయ్యరాని పని చెయ్యమనలేదు. తిట్టడం మాత్రం తిడుతుంది, అక్క తిట్టినట్టు. మీ ఎవరికీ చెప్పలేదు. ఇన్నేళ్ళూ మీ గాదెలో అందరి గింజలూ పోశాను, నావి మాత్రం దాచుకున్నాను. మీకు కావలసిన మనిషిని నేనే."

తెర మీద నరహరి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. జాలి పడతారని ఎదురుచూస్తూ హైమవతి చేతులు బిగించుకుంది. ఖాదర్ వలీ ముందుకు వంగాడు.

"ఇప్పుడామె ఏమంటాంది అక్కా?"

ఆ ప్రశ్న ఆమెను జీవితంలో ఎవరూ అడగలేదు.

"నువ్వు మంచివాడివంటోంది. భోజనానికి పిలవమంటోంది."

"వస్తానని చెప్పక్కా," అన్నాడు ఖాదర్ వలీ. అతని కళ్ళు నిండాయి.

నరహరి మాత్రం మొండికేశాడు. "నేనొప్పుకోను మేడం. గా ముసలామెను పోనిచ్చినం కద. మిమ్మల్నెట్ల కూసోపెడతం?"

"ఆమెని పోనిచ్చింది నేనే. ఇంకొకరిని అడగడానికి నాకు నోరు రాదు. నన్ను నేను అడుక్కోవచ్చు," అంది హైమవతి. "గొంతు లేకపోతే నేను చావను నరహరీ. నాకు జీతముంది, రోగులున్నారు, మీరున్నారు. ఆమెకి అదొక్కటే ఉంది."

ఆ చివరి మాటలు అంటున్నప్పుడు అప్ప చిన్నగా దగ్గింది. హైమవతి అబద్ధమాడినప్పుడు అలా దగ్గడం దానికి అలవాటు.

వరంగల్‌లో నరహరి ప్రయోగశాల ఇంజనీరింగ్ కాలేజీ క్యాంటీన్ వెనక ఉంది. కుర్చీలో కూర్చుంటే పోపు వాసనలు వచ్చేవి. కర్నూలు నుంచి ఖాదర్ వలీ సెలవు పెట్టి వచ్చాడు. యంత్రం గొంతును నొక్కి వదిలిన ప్రతిసారీ అప్ప ఏమంటోందో హైమవతి పైకి చెప్పాలి, దాన్ని గీతతో సరిచూసుకోవాలి. అడిగే పని ఖాదర్ వలీ తీసుకున్నాడు.

నొక్కినప్పుడు నొప్పేమీ ఉండేది కాదు. గదిలో దీపం పోయినట్టు ఒక్కసారిగా లోపలంతా ఖాళీ అయ్యేది. వదలగానే అప్ప వచ్చేసేది.

"ఏమంటాంది అక్కా?"

"మీ యంత్రం కంటే మా పార్వతీపురం హాస్టల్ వార్డెనే నయమంటోంది."

నరహరి నవ్వాపుకోలేక మీటలు వదిలేశాడు. ఆ మొదటి రోజుల్లో ఆ గదిలో చాలా నవ్వారు. అప్ప మాటలు ఇంకో మనిషి చెవిన పడడం అదే మొదలు. తన అక్క నలుగురికీ నచ్చిందని హైమవతికి చిన్నపిల్లలాగా గర్వమేసింది. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో చెప్పేదాన్ని కదా అనుకుంది. ఇన్నేళ్ళూ తెర వేసుకున్న కిటికీ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

తర్వాత తర్వాత అప్ప రావడం ఆలస్యమైంది. పక్క గదిలోంచి మాట్లాడుతున్నట్టుండేది. ఆ పైన వీధి అవతల నుంచి. వాక్యాలు తగ్గి మాటలు మిగిలాయి. "ఆపేద్దాం అక్కా, వచ్చినంత చాలు," అన్నాడు ఖాదర్ వలీ. నరహరి తెర వైపు చూసి, తల దించుకుని, ఇంకా సరిపోలేదన్నాడు. అతను నిజమే చెబుతాడని హైమవతికి తెలుసు. కానివ్వమంది.

ఆ మధ్యాహ్నం వదిలాక చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరంగా, చెవులు రిక్కిస్తే గానీ అందనంత సన్నగా అప్ప మాట్లాడింది.

"ఏమంటాంది అక్కా?"

"నువ్వు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదంటోంది."

"తినలేదు," అన్నాడు ఖాదర్ వలీ. "నిజమే, తినలేదు."

నరహరి మళ్ళీ నొక్కాడు. వదిలాడు. ముగ్గురూ ఎదురుచూశారు. క్యాంటీన్‌లో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

"ఏమంటాంది?"

హైమవతి ఇంకొంచెంసేపు ఆగి చూసింది.

"ఏమీ అనడం లేదు," అంది.

మంచి గొంతు పుట్టే తీరు ఎక్కడ వేరో పట్టీకి తెలిసింది. తిట్టబోయే గొంతుని పట్టుకుంటుంది, పలకరించబోయే గొంతుకి దారి విడుస్తుంది. కట్టుబాటు ప్రకారం ఆ గీతలన్నీ గాదెలో పోశారు. పేరు తీసేసి పోశారు. కర్నూలులో ఒక తాత మనవడి దగ్గరికి తిరిగొచ్చాడు. వరంగల్‌లో ఒకాయన స్నేహితుడు మళ్ళీ పలికాడు. ఐదూళ్ళలో ఎన్ని నుదుళ్ళ మీద పట్టీలున్నాయో అన్నింట్లోనూ అప్ప ఉంది. హైమవతి ఇంట్లో మాత్రం లేదు. తను పోగొట్టుకున్నదాన్ని ఆ పట్టీ తిరిగి తేలేదు. పట్టీకి దారి విడవడమే తెలుసు, పూడిపోయిన దారి తవ్వడం తెలియదు.

ఇంటికి వచ్చాక ఆమె చాలా మామూలుగా ఉంది. వేళకి తిన్నది, వేళకి ఆస్పత్రికి వెళ్ళింది. అడిగినవాళ్ళకి బాగానే ఉన్నానంది. ఖాదర్ వలీ రోజూ ఫోన్ చేసేవాడు. మాట్లాడేది, పెట్టేసేది. పెట్టేశాక గది మళ్ళీ అలాగే ఉండేది. మనసులో ఏదైనా అనుకుంటే అది అక్కడే ఉండిపోయేది, ఎవరికీ చేరేది కాదు. తన ఆలోచనలకి బదులు రాకపోవడమనేది ఇంత బరువుగా ఉంటుందనీ, మనుషులందరూ పుట్టినప్పట్నుంచీ ఇలాగే బతుకుతున్నారనీ ఆమెకి మొదటిసారి తెలిసింది. బస్టాపులో నిలబడ్డ మనుషుల్ని చూస్తే వీళ్ళెలా తట్టుకుంటున్నారా అని ఆశ్చర్యమేసేది. రోగులతో పూర్వం కన్నా ఎక్కువసేపు కూర్చోవడం మొదలుపెట్టింది.

కొత్త పట్టీ కట్టిన కొన్ని వారాలకి సన్యాసమ్మ వచ్చింది. ఈసారి గౌరయ్య చెయ్యి పట్టుకోనవసరం లేకపోయింది. బుగ్గలు కాస్త నిండాయి. తలలో కనకాంబరాలు పెట్టుకుంది.

"ఒచ్చీసినాది డాక్టరమ్మా! మిల్లులో ఉన్నాను, మిషన్లు తిరుగుతున్నాయి. అమ్మా, ఆకలేత్తంది అంది. ఆ కాడే కూకుండిపోనాను. అందరూ కరెంటు కొట్టిందేమో అనుకున్నారు."

"ఆ తిట్టేవాడు?"

"నేడమ్మా. అది ఒక్కతే. మీరేటి సేసినారో తెల్దు గానీ, మీ కడుపు సల్లగుండ."

గౌరయ్య దణ్ణం పెట్టాడు. తన భార్య పక్కన తనకు వినబడని బిడ్డ ఉందన్న సంగతికి అతనిప్పుడు అలవాటు పడ్డాడు. బస్సులో వస్తుంటే ఆమె పక్కన కాస్త చోటు వదిలి కూర్చున్నానని సిగ్గుపడుతూ చెప్పాడు.

సన్యాసమ్మ గది అంతా ఒకసారి కలియజూసి అడిగింది. "ఇంటికాడ మీకెవులున్నారమ్మా?"

ఈ మాట హైమవతిని చాలామంది అడిగారు. ప్రతిసారీ ఎవరూ లేరనే చెప్పేది. అబద్ధమాడుతున్నానని లోలోపల నవ్వుకుంటూ చెప్పేది.

"ఎవరూ లేరు," అంది ఇప్పుడు.

సన్యాసమ్మ తల కొద్దిగా పక్కకి వంచి, ఏదో విని, నవ్వింది. "పిల్ల అడుగుతున్నాది, మరి మీరు ఎవులితోటి మాటాడతారూ అని."

ఇలాంటి ప్రశ్న ఎవరు వేసినా ముందు జవాబు చెప్పేది అప్పే. హైమవతి అలవాటు కొద్దీ ఒక క్షణం ఆగింది. ఫ్యాను తిరుగుతోంది. బయట వరండాలో ఎవరో టోకెను నంబరు పిలుస్తున్నారు.

"ఇంకా తెలీదమ్మా," అని ఆ పిల్లకి తనే చెప్పింది.